కుట్టు నాది, బంక వాళ్ళది

లైబ్రరీ నుంచి తిరిగొచ్చిన పుస్తకాల్లో ఇంక పదకొండే మిగిలాయి. సోమవారం పొద్దున్నే బైండరు వాటిని ముందేసుకుని కూర్చున్నాడు. అన్నీ అట్ట ఒక చేతిలోకి, పుస్తకం ఇంకో చేతిలోకి వచ్చేసినవే. వెన్ను మీద ఎండిపోయిన బంకను కత్తి మొనతో గీకితే పాత గోడ సున్నంలా తెల్లగా పొడి రాలింది. ఆ పొడిని ఊడ్చి చెత్తబుట్టలో వేశాడు. వెన్నుకు కొత్త గుడ్డపట్టీ పరిచి, ఇంట్లో తనే కాచిన పిండి బంక పూసి, అట్ట ఎక్కించి, అంచు వెంట పుల్లతో గాడి దిద్ది ప్రెస్సులో పెట్టాడు. అట్ట లోపలి వైపు మూలన వేలెడంత చీటీ ఉంది. దాని మీద తన కొట్టు అడ్రసు, కట్టిన తేదీ. ముప్పై ఏళ్ళుగా తను కట్టిన ప్రతి పుస్తకంలోనూ ఆ చీటీ ఉంటుంది.

ఎదురుగా కూర్చుని కాగితాలు మడతపెడుతున్న భార్య తలెత్తకుండానే అంది. "ఒక్కటైనా ఉంచండి."

"ఏది?"

"ఊడిపోయింది. గురువారం కోర్టు పెట్టుకుని సాక్ష్యాలన్నీ బాగుచేసి కూర్చుంటారేంటి? ఊడిన పుస్తకం ఏదయ్యా అని జడ్జీగారు అడిగితే ఏం చూపిస్తారు?"

"ఫోటోలున్నాయిగా."

"ఫోటోలో బంక కనపడుతుందా?"

బైండరు ఇంకో పుస్తకం వెన్ను గీకడం మొదలుపెట్టాడు. తన చీటీ ఉన్న పుస్తకం ఊడిపోయి కళ్ళెదుట పడి ఉంటే అతనికి అన్నం సహించదు. పోయిన వారం ఆవిడ ఒక పుస్తకాన్ని బట్టల పెట్టె అడుగున దాచింది. జాబితాలో ఒక నంబరు తగ్గిందని ఇల్లంతా వెతికి, దాన్ని బయటికి లాగి, ఆవిడ చూస్తుండగానే కట్టేశాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ మొండివాడితో కాపురం చేసే మనిషి ఎంత బలవంతురాలో మాత్రం ఎవరూ అనలేదు.

పక్క కొట్లో జిరాక్సు మిషను నడిపే బావమరిది ఒక కవరు పట్టుకుని వచ్చాడు. ఊరి కాగితాలన్నీ తన చేతి మీదుగానే కాపీలవుతాయి కాబట్టి లా చదవకపోయినా తను లాయరేనని అతని నమ్మకం. బంక కంపెనీ మీద వేసిన ఈ దావా కాగితం రాసిపెట్టిందీ అతనే.

"బంక కంపెనీ నుంచి జవాబొచ్చింది బావా. బిల్లు వెనకాల చూసుకోమంటున్నారు. తగాదా ఏదొచ్చినా వాళ్ళ ఊరి కోర్టులోనే తేల్చుకోవాలట. భూతద్దం పెడితే గానీ కనపడని అక్షరాల్లో అచ్చేశారు."

"వాళ్ళ ఊరు వేరే రాష్ట్రంలో కదరా!"

"రెండు రైళ్ళు, ఒక బస్సు. అందుకే అలా అచ్చేసుకుంటారు. ఎవడొస్తాడులే అని."

"డ్రమ్ము దించింది ఇక్కడ. ఊడింది ఇక్కడ. అక్కడికెళ్ళి ఏం చూపించను?"

"ఇక్కడ మాత్రం ఏం చూపిస్తారట?" అంది భార్య.

బావమరిది అక్క వంకా బావ వంకా చూసి, తెలివిగా ఉత్తరంలోకి తల దించుకున్నాడు. "అయినా సరే, గురువారం తమ మనిషిని పంపిస్తామని రాశారు. మనిషొస్తున్నాడంటే కొంచెం భయపడ్డట్టే" అని కాపీ తీసుకోవడానికి వెళ్ళిపోయాడు.

భార్య మడత పుల్ల కింద పెట్టింది. "ఆ నాలుగు రిజిస్టర్ల సంగతేం చేశారు?"

బైండరు ప్రెస్సు మర అవసరం లేకపోయినా ఇంకో చుట్టు బిగించాడు.

ఆ నాలుగూ గురువారం వెళ్ళాల్సిన కోర్టువే. ఏడాది మొదట్లో కట్టిచ్చాడు. అన్నీ ఒకే రోజు, ఒకే గుడ్డతో కట్టినవి. రెండోది పూర్తయ్యేసరికి పాత డ్రమ్ములో బంక అయిపోయింది. మూడోదానికి, నాలుగోదానికి ఈ కంపెనీ డ్రమ్ము మూత తీశాడు. లైబ్రరీ పుస్తకాలు ఊడటం మొదలైన దగ్గర్నుంచి అతని మనసంతా ఆ రెండు రిజిస్టర్ల మీదే ఉంది. ఇచ్చేస్తే సరిచేసి తెస్తానని రెండుసార్లు వెళ్ళి అడిగాడు. ఏడాది ముగిసేదాకా కోర్టు రిజిస్టరు గడప దాటదని పెద్ద గుమాస్తా రెండుసార్లూ తిప్పి పంపాడు. ఎందుకని ఆయన అడగలేదు. ఇతనూ చెప్పలేదు.

"అవి కూడా ఈ బంకవేనని చెప్పెయ్యండి. ఇంతకంటే సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?"

"కోర్టుకెళ్ళి, అయ్యా మీ రిజిస్టర్లు కూడా ఊడిపోతాయి, కట్టింది నేనే అని చెప్పుకోమంటావా? లైబ్రరీ పని పోయేలా ఉంది. కోర్టు పని కూడా ఊడగొట్టుకోనా?"

"చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. మీ ఇష్టం" అని ఆవిడ మళ్ళీ మడత పుల్ల అందుకుంది.

మంగళవారం మధ్యాహ్నం అతను పుస్తకాలన్నీ రిక్షాలో వేసుకుని లైబ్రరీకి వెళ్ళాడు. లైబ్రరీ మేడమ్ ఒక్కొక్కటే జాబితాలో టిక్కు పెట్టుకుంది. మధ్యలో ఒక లావుపాటి పుస్తకం తీసి, సరిగ్గా నడిమికి విప్పి, రెండు అరచేతులతో బల్లకేసి అదిమింది. పుస్తకం చాపలా పరుచుకుంది. మూస్తే మళ్ళీ చక్కగా మూసుకుంది.

"గట్టిగానే ఉందండీ."

బైండరు ముఖం విప్పారింది.

"కానీ ఆర్నెల్ల కిందటా గట్టిగానే ఉంది" అంది మేడమ్. ఆవిడ గొంతులో కోపం లేదు. అదే అతనికి ఎక్కువ బాధ కలిగించింది. "పరీక్షల ముందు పిల్లలు అట్టలు ఒక చేత, పుస్తకాలు ఒక చేత పట్టుకొచ్చి నా బల్ల మీద కుప్పలు పోశారు. మీ పని నాకు తెలుసు. కమిటీకి తెలియదు కదా. వచ్చే ఏడు బైండింగు ఎవరికివ్వాలో శుక్రవారం తేలుస్తారు. తప్పు బంకదేనని కోర్టు కాగితం తెచ్చారనుకోండి, మీ పేరు నేను నిలబెడతాను. ఉత్తి మాటంటే నిలబెట్టలేను."

లైబ్రరీ పని అంటే అతనికి ఏడాదిలో ఆరు నెలల తిండి. అది ఆవిడకూ తెలుసు. అతను ఖాళీ గోనెసంచులు మడిచి చంకన పెట్టుకుని బయటికి వచ్చాడు.

బుధవారం తన కేసు ఎన్నోదో చూసుకుందామని చిన్న దావాల కోర్టుకు వెళ్ళాడు. వరండాలో అంటించిన కాగితంలో తనది ఏడోది. చూసుకుని వెళ్ళిపోయేవాడే. కిటికీలోంచి పెద్ద గుమాస్తా పిలిచాడు.

"ఏమయ్యా బైండరూ, నీ రిజిస్టరు కిర్రు కిర్రుమంటోంది!"

బల్ల మీద మూడో రిజిస్టరు తెరిచి ఉంది. రాత సగానికి కొంచెం ఇవతలకు వచ్చింది. పెద్ద గుమాస్తా దాన్ని సగం తెరిచి, ఎడమ అట్టను మోచేత్తో ఎత్తిపట్టి రాస్తున్నాడు. అలా రాయబట్టే ఇన్నాళ్ళు నిలిచింది. నడిమి పేజీ వచ్చి బల్లకు పరిచి రాసిన రోజున దాని పని సరి.

"కొత్త చెప్పులు కూడా కిర్రుమంటాయి కదండీ" అన్నాడు బైండరు.

పెద్ద గుమాస్తా నవ్వాడు. తనూ నవ్వాడు. వీధి మలుపు తిరిగేసరికి ఆ నవ్వు ముల్లులా గుచ్చుకుంది. పనిలో అతను ఆలస్యాలు చేశాడు, ధర దగ్గర బేరాలాడాడు. కట్టిన పుస్తకం గురించి అబద్ధం చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి. ఇంటికొచ్చాక భార్య ఏమైందని అడిగితే, ఏడో నంబరు అని మాత్రం చెప్పాడు.

గురువారం బయల్దేరేటప్పుడు సంచిలో దావా కాగితాలు, ఫోటోలు, బిల్లు పెట్టుకున్నాడు. దబ్బనం, దారం, గుడ్డపట్టీ, కుంచె, సీసాలో పిండి బంక కూడా పెట్టుకున్నాడు. బయటికి వెళ్తే అవి సంచిలో ఉండాల్సిందే.

"కోర్టుకు వెళ్తున్నారా, పనికి వెళ్తున్నారా?" అంది భార్య.

"ఎందుకైనా మంచిదని."

కోర్టు వరండాలో బెంచీ మీద పక్కన ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర చిన్న సూటుకేసు, దాని మీద కాగితం చుట్టిన ఐదు కిలోల డబ్బా. రాత్రంతా రైల్లో కూర్చున్నట్టు చొక్కా నలిగిపోయి ఉంది.

"ఇక్కడ టీ ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగాడు.

బైండరే వెళ్ళి రెండు గ్లాసులు తెచ్చాడు. ఆయన డబ్బులివ్వబోతే వద్దన్నాడు. గ్లాసు అందుకుంటున్నప్పుడు చూస్తే ఆయన బొటనవేలి గోరు చుట్టూ ఎండిన బంక గట్టిపడి ఉంది. ఎన్నేళ్ళు కడిగినా వదలని రకం. ఈయన బంకలో చేయిపెట్టి పనిచేసిన మనిషేనని బైండరు అనుకున్నాడు. సాయంత్రం ఐదింటి రైలు అందుతుందో లేదోనని ఆయన, వానలు ఆలస్యమయ్యాయని బైండరు, పిల్లల చదువుల గురించి ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. అంతలో ఏడో నంబరు పిలిచారు. ఇద్దరూ ఒకేసారి లేచారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మీరేనా?" అన్నాడు కంపెనీ మనిషి.

"మీరేనా?" అన్నాడు బైండరు. చేతిలో ఖాళీ గ్లాసులు ఎక్కడ పెట్టాలో తెలియక ఇద్దరూ బెంచీ కిందే పెట్టారు.

గది చిన్నది. జడ్జీగారు కళ్ళద్దాలు పెట్టుకున్న నడివయసు ఆవిడ. ఆవిడ ముందు పెద్ద బల్ల, పక్కగా పెద్ద గుమాస్తా బల్ల. ఆ బల్ల మీద నాలుగు రిజిస్టర్లు ఒకదాని మీద ఒకటి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు బైండరు గదిలోకి వచ్చిన దగ్గర్నుంచి అటు చూడకూడదనుకుంటూనే అటే చూశాడు.

కంపెనీ మనిషి ముందుగా బిల్లు వెనకాల అచ్చు సంగతి చెప్పాడు. జడ్జీగారు బిల్లు తిప్పి, కళ్ళద్దాలు పైకి తోసి చదివి కింద పెట్టారు.

"డ్రమ్ము ఎక్కడ దించారు?"

"ఈయన కొట్లోనేనండి."

"డబ్బు ఎక్కడ పుచ్చుకున్నారు?"

"ఇక్కడేనండి."

"అలాంటప్పుడు తగాదా కూడా ఇక్కడే వింటాను. మీరు ఇంత దూరం వచ్చారు కూడాను. అసలు సంగతి చెప్పండి."

ఆయన డబ్బా మీది కాగితం విప్పాడు. "ఇదేనండి మా బంక. ఎన్నో ఊళ్ళలో వాడుతున్నారు. నీళ్ళు ఎక్కువ కలిపితే ఏ బంకైనా నిలవదు. ఈయన కూడా కలిపి ఉంటారనే మా కంపెనీ అనుకుంటోంది. ఈ ఫోటోల్లో ఊడిన పుస్తకం కనపడుతోంది గానీ మా బంక కనపడట్లేదు. తల కింద పెట్టుకుని పడుకుంటే ఏ పుస్తకమైనా ఇలాగే ఊడుతుంది."

జడ్జీగారు బైండరు వైపు తిరిగారు. "ఊడినవి ఒకటో రెండో తెచ్చారా?"

"లేవండి."

"లేవా?"

"అన్నీ కట్టేశానండి."

"దావా వేశాక కట్టేశారా?"

"వేశాకేనండి. ఊడిపోయినవాటిని అలా ఉంచడం..."

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. జడ్జీగారు నవ్వలేదు గానీ పెన్ను మూత పెట్టారు. "మీ మాట తప్ప నా ముందు ఏమీ లేదు. ఏం ఆధారంతో రాయమంటారు?"

బైండరుకు లైబ్రరీ మేడమ్ మాట గుర్తొచ్చింది, నిన్నటి చెప్పుల మాట కూడా గుర్తొచ్చింది. మొదటిదానికంటే రెండోదే ఎక్కువ సలిపింది. ఇంక ఓర్చుకోలేకపోయాడు.

"ఉన్నాయి మేడమ్. రెండున్నాయి. ఆ బల్ల మీదే ఉన్నాయి."

పెద్ద గుమాస్తా చేయి తెలియకుండానే రిజిస్టర్ల మీదికి వెళ్ళింది.

"ఆ నాలుగూ నేనే కట్టాను. చీటీలుంటాయి చూడండి, నాలుగింటి మీదా ఒకటే తేదీ. మొదటి రెండూ పాత డ్రమ్ములో బంక. మూడోది, నాలుగోది వీళ్ళ డ్రమ్ములోది. నాలుగింటికీ నీళ్ళు నేనే కలిపాను, గిన్నె ఒకటే, చేయి ఒకటే. నిన్న గుమాస్తాగారు కిర్రుమంటోందేమని అడిగితే కొత్త చెప్పులన్నాను. అది అబద్ధం. తప్పైపోయింది సార్" అన్నాడు పెద్ద గుమాస్తా వైపు తిరిగి.

పెద్ద గుమాస్తా ముఖం ఎర్రబడింది. జడ్జీగారు నాలుగు అట్టలూ తెరిచి చీటీలు చూశారు. మొదటి రిజిస్టరును తన బల్ల మీద నడిమికి విప్పి రెండు చేతులా అదిమారు. పరుచుకుంది. రెండోదీ పరుచుకుంది.

"మూడోది మీరు విప్పండి" అన్నారు.

అతను రెండు చేతులా అందుకున్నాడు. సొంత పనిని చేతులారా విరగ్గొట్టడం అతనికి ఇదే మొదలు. నడిమి పేజీ వెతికి, బల్లకు ఆన్చి, అరచేతులతో మెల్లగా అదిమాడు. వెన్నులో ఫట్టుమని చప్పుడైంది. అట్ట విడివడి బల్ల మీద పడింది. దాంతోపాటు తెల్లటి పొడి జడ్జీగారి కాగితాల మీద రాలింది.

"అయ్యో, నా రిజిస్టరు!" అన్నాడు పెద్ద గుమాస్తా లేచి నిలబడి.

అట్ట లేని పుస్తకం బైండరు చేతిలో ఉంది. సిగ్గుతో అతని చెవులు కాలిపోతున్నాయి. ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా, నడిమి నాలుగు కాగితాలు పట్టుకుని పుస్తకాన్ని గాల్లోకి ఎత్తాడు. మిగతా పుస్తకమంతా కిందికి వేలాడింది. రెండుసార్లు ఊపాడు. ఒక్క కాగితం రాలలేదు.

"కుట్టు నాది మేడమ్" అన్నాడు. "బంక వాళ్ళది."

ఈసారి వెనక బెంచీల్లో ఎవరూ నవ్వలేదు. పెద్ద గుమాస్తా గబగబా వచ్చి పుస్తకం లాక్కుని మొదటి నుంచి చివరిదాకా పేజీ నంబర్లు చూసుకున్నాడు. "అన్నీ ఉన్నాయండీ" అన్నాడు, తనే నమ్మలేనట్టు.

జడ్జీగారు కంపెనీ మనిషిని చూశారు. ఆయన బల్ల దగ్గరికి వచ్చి, రాలిన పొడిని చిటికెడు తీసుకుని, బంక గట్టిపడిన ఆ బొటనవేలితో నలిపాడు. వాసన చూశాడు. ఒకసారి తను తెచ్చిన డబ్బా వైపు, ఇంకోసారి గోడ గడియారం వైపు చూశాడు.

"నీళ్ళెక్కువైతే పొర పల్చనవుతుందండి. పొడి కాదు" అన్నాడు చివరికి. "ఇది డ్రమ్ములోనే చెడింది. అమ్మకాల్లోకి రాకముందు పన్నెండేళ్ళు నేను బంక కలిపాను. కళ్ళారా చూసి కాదనలేను. మా ఆఫీసుకు ఏం చెప్పుకోవాలో నేను చూసుకుంటాను."

జడ్జీగారు పెన్ను మూత తీశారు. డ్రమ్ము ఖరీదు, మళ్ళీ కట్టిన కూలీ కంపెనీ ఇచ్చుకోవాలని చెప్పి, తప్పు బంకదని, పనివాడి చేతిలో లోపం లేదని అన్నారు.

"ఆ రెండో మాట కాగితం మీద పడుతుందా మేడమ్?" అని అడిగాడు బైండరు. "మొదటిది కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు."

"రెండూ పడతాయి" అన్నారు ఆవిడ.

పడాల్సింది మూడో రిజిస్టర్లోనే. తీర్పు చెప్పిన రోజే రిజిస్టరుకు ఎక్కాలి, ఇద్దరి సంతకాలూ కావాలి, ఒకాయనకు రైలుంది. పెద్ద గుమాస్తా అట్ట లేని పుస్తకాన్ని బల్ల మీద పెట్టుకుని దిక్కులు చూశాడు.

"రాయండి సార్, ఏం కాదు. కుట్టుంది" అన్నాడు బైండరు.

పెద్ద గుమాస్తా రాశాడు. ఏడు నెలల్లో మొదటిసారి మోచేయి ఎత్తిపట్టకుండా, పేజీని బల్లకు పరిచి రాశాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. కాపీ మీద ముద్ర పడగానే బైండరు దాన్ని రెండుసార్లు చదువుకుని చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత సంచి విప్పాడు.

వరండాలో కింద కూర్చుని వెన్ను మీది పొడి గీకాడు. గుడ్డపట్టీ వేసి, పిండి బంక పూసి, అట్ట ఎక్కించాడు. పెద్ద గుమాస్తా పక్కనే నిలబడి, రిజిస్టరు గడప దాటకుండా కాపలా కాశాడు. "శనివారం వచ్చి నాలుగోది కూడా ఇక్కడే కూర్చుని కట్టు. ఈసారి ఏదైనా కిర్రుమంటే ముందు నాకు చెప్పు" అన్నాడు. కసురుకున్నట్టే అన్నాడు గానీ రమ్మన్నాడు కదా, బైండరుకు అది చాలు.

"పొద్దున్నదాకా బరువు కింద ఉండాలి సార్. ఏదైనా బరువుందా?"

పెద్ద గుమాస్తా చుట్టూ చూశాడు. సూటుకేసు పట్టుకుని మెట్ల దాకా వెళ్ళిన కంపెనీ మనిషి వెనక్కి వచ్చి, తన డబ్బా ఎత్తి రిజిస్టరు మీద సరిగ్గా నడిమికి పెట్టాడు.

"ఐదు కిలోలు. పనికొస్తుందా?"

బైండరు డబ్బాను ఒక వేలెడు ఇవతలకు జరిపాడు. "బరువుకు పనికొస్తుందండి."

కంపెనీ మనిషి నవ్వి, పొద్దుటి టీకి ఇంకోసారి థాంక్స్ చెప్పి స్టేషనుకు వెళ్ళిపోయాడు. రేపు పొద్దున్నదాకా ఎవరూ దీన్ని కదపరాదని పెద్ద గుమాస్తా ఒక చీటీ రాశాడు. దాన్ని డబ్బాకు అంటించడానికి మూత తీయబోయి, ఆగి, ఒక్క క్షణం ఆలోచించాడు.

"నీ సీసా ఒకసారి ఇలా ఇవ్వవయ్యా" అన్నాడు బైండరుతో.